ఏసోబు పట్టపగలు వేసిన కన్నం

కారంపూడిలో షావుకారు వెంకటసుబ్బయ్యగారి ఇంటికి ఏసోబు పట్టపగలు కన్నం వేశాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. ఆ ఊరి బజారులో ఆ మాట పుట్టినప్పుడు కన్నం రెండు గుప్పిళ్ళంత. నూజెండ్ల చేరేసరికి మనిషి దూరేంత అయింది. శావల్యాపురం నుంచి మిరపకాయలు కొనడానికి వచ్చిన ఒకావిడ, ఆ కన్నంలోంచి ఏసోబు జత ఎడ్లను తోలుకుపోయాడని సాక్షాత్తూ మా అత్తయ్య ముందే చెప్పింది. అత్తయ్య కందిపప్పు చెరుగుతూ, "ఎడ్లు ఏ రంగువమ్మా?" అని అడిగింది.

"ఒకటి తెల్లది, ఒకటి పుల్లది" అంది ఆవిడ తడుముకోకుండా.

కన్నం మాట నిజమే. పట్టపగలన్నదీ నిజమే. యుద్ధం అయిపోయిన మరుసటి వేసవి అది. అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వెంకటసుబ్బయ్యగారు నాకు మామయ్య. ఆయన భార్య రాఘవమ్మగారు మా నాన్నకు అక్క. వాళ్ళ కూతురు కోటేశ్వరమ్మ వదిన పురిటికి వచ్చిందని, బడి మానేసి ఇంట్లో ఉన్నదాన్ని కదా చేతిసాయంగా ఉంటానని, నాన్న నన్ను అక్కడ దించి వెళ్ళాడు.

ఏసోబుకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి ఇంటి చూరు కిందనో దూరబోతున్నట్టు నడిచేవాడు. ఆదివారం ప్రార్థనకు తెల్లచొక్కా వేసుకున్నప్పుడు కూడా ఆ వంపు పోయేది కాదు. ఏడాదిలో ఎనిమిది నెలలు బుట్టలూ తట్టలూ అల్లేవాడు. ఎండలు మొదలయ్యాయంటే మాత్రం వట్టివేళ్ళ తడికలు తప్ప వేరే పని ముట్టుకునేవాడు కాదు. నాగులేటి గట్టున వేళ్ళు తవ్వుకొచ్చి, కడిగి, వెదురుబద్దల మధ్య పరిచి, కిటికీ కొలతకు తడిక కట్టేవాడు. దాన్ని తడిపితే బయటి వడగాలి లోపలికి చల్లగా, మట్టివాసనతో వచ్చేది.

ఈ విద్య అతనికి వయసులో ఉండగా ఒక బంగళాలో పంకా లాగుతూ పట్టుబడిందట. "దొర నిద్రపోతే పంకా ఆపొచ్చమ్మా. దొరసాని నిద్రపోతే మాత్తరం ఆపగూడదు. ఆమె నిద్ర అబద్ధం" అనేవాడు. అక్కడ లాగిన పంకా కన్నా, అక్కడ కిటికీలకు కట్టిన తడికలే అతనికి నచ్చాయి. పంకా అయితే మనిషి లాగాలి, తడిక అయితే గాలి తన పని తనే చేసుకుంటుంది, మనం చూస్తూ కూర్చోవచ్చు అని అతని లెక్క. చూస్తూ కూర్చోవడం అతనికి బాగా వచ్చు.

తడిక కట్టే ముందు అతను ఒక చుట్ట వెలిగించేవాడు. కిటికీ ముందు నిలబడి, ఒక దమ్ము పీల్చి, పొగ వదిలి, అది ఎటు పోతుందో తల పక్కకు వాల్చి చూసేవాడు. మళ్ళీ పెరటి తలుపు దగ్గరకు వెళ్ళి ఇంకో దమ్ము. మామయ్యకు ఇది నచ్చలేదు.

"నా ఎదటే చుట్ట తాగుతున్నావేందిరా?"

"తాగటంలా అయ్యా, చూస్తన్నా."

"చూట్టానికి పీల్చాలా?"

"పీల్చకపోతే ఆరిపోద్ది గదయ్యా!"

మామయ్య దీనికి జవాబు వెతుక్కుంటూ కొట్టులోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా వెతికాడనుకుంటాను. భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "అగరొత్తి పెట్టి చూడొచ్చు గదా వెధవ!" అన్నాడు.

ఆ ఇంటికి తడిక కావలసి వచ్చింది వదిన కోసమే. రెండేళ్ళ కిందట, అదే రోహిణి కార్తెలో, ఆమెకు మొదటి బిడ్డ పుట్టి తొమ్మిదో రోజున పోయింది. పురిటిగదికి గాలి తగిలి పోయిందని ఒకరు, వేడికి తాళలేక పోయిందని ఒకరు అన్నారు. అత్తయ్య రెండు మాటలూ నమ్మింది. అందుకని ఈసారి ఆ గదిలోకి చల్లదనం రావాలి, గాలి రాకూడదు. ఇదీ ఆమె ఏసోబుకు అప్పగించిన పని.

ఏసోబు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, ఆ రెండూ ఒక బండిమీదే వస్తయ్యి" అన్నాడు.

"నాకు తెలవదు. నువ్వు చానా మంది దొరలకు కట్టావంటగా, కట్టు."

గది ఇంటికి వెనక భాగంలో ఉంది. పైన నాపరాళ్ళ కప్పు. ఎండ పడితే ఆ కప్పు మధ్యాహ్నానికల్లా పెనంలా కాలేది. పడమటి గోడకు పెరటివైపు ఒక కిటికీ, పక్కగోడకు హాల్లోకి తెరుచుకునే తలుపు. తూర్పు గోడ అవతల సందు. ఆ గోడకు ఏమీ లేదు, దాన్ని ఆనుకుని ఉన్న వడ్లగాదె తప్ప.

ఏసోబు ఇంట్లోకి వచ్చే వీలు లేదు కనుక పెరట్లోనే ఉండి బయటినుంచే తడిక కట్టాడు. అప్పుడు అత్తయ్యకు ఇంకో అనుమానం వచ్చింది. అతని చేతి తడికలోంచి వచ్చిన గాలి మడిబట్టకు తగిలితే మడి ఉంటుందా, పోతుందా? పెరట్లో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించింది. వేళ్ళు భూమివి, నీళ్ళు మన బావివి, గాలి దేవుడిది కనుక ఫరవాలేదని తీర్పు చెప్పింది. అయినా మనసు పీకుతుందని, తడికంతటికీ పసుపునీళ్ళు చల్లిస్తానంది.

"చల్లించండమ్మా, ఎట్టాగూ తడపాల్సిందేగా" అన్నాడు ఏసోబు. "నాలుగు బిందెలు చల్లించినా నాకేం కోపంలా."

తడిక పైన వెదురు బొంగును నిలువుగా చీల్చి కాలవలా కట్టాడు. దానికి అడుగున వరసగా బెజ్జాలు. అందులో నీళ్ళు పోస్తే తడికంతా సమంగా తడుస్తుంది. నీళ్ళు పోసే పని నాది. ఎలా పోయాలో నాకు రెండుసార్లు చెప్పాడు. పొద్దెక్కాక మొదలుపెట్టాలి. చెంబుతో కొంచెం కొంచెంగా పోయాలి. అడుగున చుక్క పడగానే ఆపాలి. పొద్దుగూకాక తడిక విప్పి ఆరేయాలి, లేకపోతే వేళ్ళు కుళ్ళి వాసన వస్తుంది. నాలుగు రోజులకొకసారి రాతిమీద తట్టి దుమ్ము దులపాలి. తట్టే ముందు కర్రతో కదిలించి చూడాలి, చల్లదనానికి తేళ్ళు చేరతాయి.

"ఉప్పునీళ్ళు పొయ్యమాక. ఉప్పు పట్టిన వేరు నీళ్ళు తాగదు. మంచినీళ్ళ బావి నీళ్ళే పొయ్యాల."

ఇది విని అత్తయ్య వంటింట్లోంచి, "మంచినీళ్ళా! తాగటానికే ఆమడ దూరం నించి మోసి చస్తంటే నీ ఏళ్ళకి మంచినీళ్ళా? పాలు పొయ్యమందువా?" అంది.

"పాలు పోస్తే చీమలొస్తయ్యమ్మా" అన్నాడు అతను ఎంతో ఓపికగా.

నేను అన్నిటికీ తలూపాను. "అమ్మాయిగారు మాట్టాడరా?" అని అడిగాడు.

"దానికి సిగ్గు" అంది అత్తయ్య.

"మంచిదే. మాట్టాడే వోళ్ళు నీళ్ళు ఒకచోటే పోస్తారు." చివరికి వెళుతూ వెళుతూ నాతో ఇంకో మాట అన్నాడు. "గది తలుపు మాత్తరం బార్లా తెరిచుంచాల. గాలి దొంగ లాంటిది అమ్మాయిగారూ. పారిపోయే దారి కనపడందే లోపలికి రాదు."

తలుపు తెరిచి ఉన్నంతకాలం ఆ గది స్వర్గంలా ఉండేది. వదినకు ఇంకా వారం రోజులు ఉందనగా మామయ్య మధ్యాహ్నం భోజనం కాగానే పురిటిగదిలో దూరి గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. కొట్టుకు వచ్చినవాళ్ళు ఆయన ఎక్కడని అడిగితే ఏం చెప్పాలో తెలియక అత్తయ్య, "ఆయనకి నెలలు నిండినయ్యి" అనేది.

తరవాత వదిన ప్రసవించింది. మగపిల్లవాడు. ఆ రాత్రే అత్తయ్య గది తలుపు మూసింది. గడపకు, తలుపుకు మధ్య సందులో పాతచీర కుక్కింది. తలుపు రెక్కల నడుమ చీలికలో మైనం పెట్టింది. లోపలి చల్లదనం బయటికి పోకుండా, బయటి గాలి లోపలికి రాకుండా, రెంటికీ ఒకటే బిరడా. మనుషులు పోవలసినప్పుడు మాత్రం తలుపు కొంచెం తెరిచి, చటుక్కున మూసేది.

నేను రెండో రోజున ఎలాగో నోరు తెరిచి, "అత్తయ్యా, తలుపు తీసి ఉంచాలని ఏసోబు..." అన్నాను.

"నువ్వెంతమందిని కన్నావే?" అంది. నేను చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆరో రోజుకల్లా ఆ గది ఆవిరి కుడుముల గిన్నెలా తయారైంది. నేను బయట ఎన్ని నీళ్ళు పోస్తే లోపల అంత ఆవిరి. గోడలకు చెమట పట్టింది. బట్టలు ఆరవు. పిల్లవాడి ఒంటినిండా చెమటకాయలు పేలాయి. ఏడో రోజున ఒళ్ళు వెచ్చబడింది. ఎనిమిదో రోజు పొద్దున పాలు పట్టబోతే మొహం తిప్పేసుకున్నాడు. ఏడుపు కూడా సన్నగా, దూరంనుంచి వస్తున్నట్టు ఉంది. అత్తయ్య వేళ్ళు మడుస్తూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మరునాడు తొమ్మిదో రోజు.

మామయ్య ఏసోబును పిలిపించాడు. అతను దాచేపల్లిలో తడికలు కట్టి అప్పుడే వచ్చాడట, చేతులకింకా బురద ఉంది.

"ఏం తడిక కట్టావురా? పిల్లోణ్ణి ఉడకబెడతంది. పీకి పారెయ్!"

ఏసోబు పీకలేదు. తడిక మీద అరచెయ్యి ఆనించాడు. చెవి ఆనించాడు. తరవాత చుట్ట వెలిగించి, పొగ తడిక మీదికి వదిలాడు. పొగ లోపలికి పోకుండా తిరిగి అతని మొహం మీదికే వచ్చింది. దగ్గుకుని, చుట్ట ఆర్పేశాడు. మామయ్య ఈసారి చుట్ట గురించి ఏమీ అనలేదు.

"అమ్మా" అని తడికలోంచి లోపలికి పిలిచాడు. "పిల్లోడికి సాంబ్రాణి ఏశారా పొద్దున?"

"వేశాం. ఏం?" లోపలినుంచి అత్తయ్య గొంతు.

"ఆ పొగ ఎటు పోయింది?"

అత్తయ్య, "ఎటూ పోలా. ఇక్కడే ఉంది. కప్పు కింద మబ్బులాగా నిలబడి ఉంది" అంది.

"పొద్దున ఏసింది?"

"పొద్దునదే. నిన్నటిది కూడా ఉందేమో."

"చూశారా మరి. నా తడిక తప్పు చేస్తే కొట్టండి, పడతా. గాలికి పోయే దారి లేదమ్మా. ఉన్న గాలే తడిసి తడిసి కూచుంది. తలుపు తియ్యండి."

"తియ్యను."

"అమ్మా..."

"పదకొండో రోజు దాకా తియ్యను ఏసోబూ. నా కూతురి బిడ్డని ఒకసారి గాలికి ఇచ్చుకున్నా. ఇంకోసారి ఇవ్వను."

ఆ మాట అన్నాక లోపల వదిన ఏడవడం నాకు వినిపించింది. ఏసోబుకూ వినిపించే ఉంటుంది. నోట్లో ఆరిపోయిన చుట్టను అటూ ఇటూ జరుపుతూ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

తరవాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "తలుపు జోలికి పోనమ్మా" అన్నాడు. "మీరు భయపడేది పిల్లోడి మీదగా గాలి పోద్దని. మీదగా పోకుండా చేస్తా. తూరుపు గోడకి, పైన, కప్పు కింద దారి ఇద్దాం. ఉడుకంతా పైకెక్కి అటు పోద్ది. చల్లన ఇటు కిటికీలో నించి మెల్లంగా వచ్చి మంచం కింద కూచుంటది. పిల్లోడికి తగిలినట్టే తెలవదు."

మామయ్యకు ఇది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే గోడకి కన్నం వెయ్యమంటావా? నా ఇంటికి? షావుకారు ఇంటికి?"

"చిన్నదే అయ్యా."

"బజారులో తలెత్తుకోమంటావా వద్దా?"

"ఎంత కన్నం?" అంది లోపలినుంచి అత్తయ్య.

"రెండు గుప్పిళ్ళమ్మా."

"పిల్లి దూరుద్దా?"

"వెదురుజాలీ అల్లి అడ్డం పెడతా. ఎలక కూడా దూరదు."

"కప్పు కూలుద్దా?"

"దూలం కింద తీస్తే కూలుద్ది. రెండు దూలాల నడుమ తీస్తా."

అత్తయ్య, "గునపం కొట్టుగదిలో ఉంది. ఇప్పించండి" అంది. ఆ మాట మామయ్యతో.

మామయ్య గునపం ఇప్పించి, కొట్టుకు వెళ్ళి, సగం తలుపులు మూసుకుని, ఆ సగం చీకట్లో కూర్చున్నాడు. అడిగినవాళ్ళతో తలనొప్పి అన్నాడు. ఇంటి యజమాని ఊళ్ళో లేని సమయం చూసి ఏసోబు పని కానిచ్చాడన్న మాట అక్కడినుంచే పుట్టింది.

ఏసోబు సందులోకి ఒక ఎడ్లు లేని బండి తోయించుకుని, దానిమీద నిలబడి గోడ కొట్టడం మొదలుపెట్టాడు. ఎడ్ల సంగతి శావల్యాపురం ఆవిడకు ఎలా తెలిసిందో ఇప్పుడు మీకు తెలిసింది. లోపల వదిన పిల్లవాణ్ణి తీసుకుని కిటికీ పక్కకు జరిగి, దుమ్ము పడకుండా దుప్పటి గుడారంలా కప్పుకుని కూర్చుంది. నేను పెరట్లో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. చప్పుడుకు పది నిమిషాల్లో సందు నిండా జనం. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలే ఎండలో, ఇంతమందికి తీరిక ఎలా దొరికిందో!

రేకుల పని చేసే హబీబ్ తన దుకాణం వదిలి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. "ఏంది ఏసోబూ, పట్టపగలే?" అని అడిగాడు.

"రాత్రిపూట కళ్ళు ఆనటంలా హబీబ్ భాయ్."

అందరూ నవ్వారు. ఆ మాటే పది ఊళ్ళు తిరిగింది. నవ్వు మాత్రం ఊరు దాటినట్టు లేదు.

"నాకేమన్నా వాటా ఉందా?"

"ఉంది, ఈ రాళ్ళు నీయ్యే. మోసుకుపో."

వెనకనుంచి ఎవరో ముసలాయన, "చానా పెద్ద ఇల్లు, కన్నం చానా చిన్నది. ఎట్టా దూరతావురా?" అన్నాడు.

"నేను దూరటంలా తాతా. లోపలున్నదాన్ని బయటికి రమ్మంటన్నా."

ఇది విన్నవాళ్ళు బంగారమనుకున్నారు. పాపం, వాళ్ళ తప్పేముంది?

నేను తడిక మీద నీళ్ళు పోస్తూ పోస్తూ ఉండగా ఒక్కసారి నా చేతిమీది వెంట్రుకలు కదిలాయి. వీపు వెనకనుంచి గాలి నన్ను దాటుకుని, తడికలోకి దూరింది. వేళ్ళమీద నిలిచిన చుక్కలు లోపలివైపు వంగాయి. అదే సమయానికి సందులో ఏసోబు పెద్దగా తుమ్మాడు. ఒకటి, రెండు, మూడు తుమ్ములు. రెండు రోజుల సాంబ్రాణి పొగంతా ఒక్కసారిగా అతని మొహం మీదుగా బయటికి పోయింది.

"వచ్చిందమ్మా! వచ్చింది!" అని అరిచాడు.

దొంగ సొత్తు దొరికి సంబరపడుతున్నాడని నూజెండ్లలో చెప్పుకున్నది ఆ అరుపునే.

నేను తడిక అంచు పట్టుకుని లోపలికి చూశాను. వదిన దుప్పటి తీసేసి కూర్చుని ఉంది. నుదుటి మీది చెమట ఆరుతోంది. "ఏమే, చల్లగా ఉందే" అంది నాతో, నమ్మలేనట్టు. పిల్లవాడు నిద్రపోయాడు. పొద్దు వాలాక లేచి గట్టిగా, కోపంగా, ఇల్లంతా వినిపించేలా ఏడ్చాడు. పాలు పట్టగానే గుటకలు వేశాడు. ఆ గుటకలు లెక్కపెడుతూ అత్తయ్య మంచం పక్కన నిలబడింది.

తొమ్మిదో రోజు వచ్చింది, వెళ్ళింది. పదో రోజున మామయ్య కొట్టు తలుపులు రెండూ తెరిచాడు. పదకొండో రోజున పురుడు. పిల్లవాడికి అమరేశ్వరరావు అని పేరు పెట్టారు. ఇప్పుడు వాడు దొడ్లో దూడల వెంట పడుతున్నాడు. వడగాలికి ఒంటిమీద గుడ్డ లేకుండా తిరుగుతాడు.

ఏసోబు మీద పడ్డ మాట మాత్రం పోలేదు. అతను బజారులో నడుస్తుంటే కొందరు ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవారు. మళ్ళీ ఎండలు రాగానే ఆ తలుపులు తీసుకుని వాళ్ళే పిలిచేవారు. "ఏసోబూ, మాకూ ఓ తడిక. కన్నం గిన్నం వద్దు" అనేవారు. అతను ఆ మాటను ఎప్పుడూ కాదనలేదు. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు గోడలు తట్టి చూసి, "ఇది చానా గట్టిగోడమ్మా, మీకేం భయంలా" అని తనే మొదలుపెట్టేవాడు.

అయితే కన్నం ఏసోబు ఒక్కడే వేశాడన్నది నిజం కాదు. మా వైపు రాతిగోడను రెండు వరసలుగా కట్టి నడుమ మట్టి కూరతారు. సందువైపు వరస రాళ్ళు ఏసోబు తీశాడు. లోపలి వరస బయటినుంచి కొడితే రాళ్ళు గదిలో పడతాయి. ఆ రాళ్ళను వడ్లగాదె మీదికెక్కి, రోకలి ఇనప పొన్నుతో ఒక్కొక్కటే కదిలించి, చేత్తో పట్టుకుని కిందికి దించింది మా రాఘవమ్మ అత్తయ్య.